రాజపుత్ నౌకలు - రెండు తరముల చరిత్ర

కౌకూరునకు సముద్రము లేదు. బొల్లారము, హకీంపేటల చెంతనున్న ఈ గ్రామమువారికి సిపాయి దుస్తులు క్రొత్తవి కావు, విమానముల మ్రోతయు క్రొత్తది కాదు. పదాతిదళ మెట్టిదో, వాయుసేన యెట్టిదో ఇక్కడి పసిపిల్లలకును తెలియును. త్రివిధ దళములలో నౌకాదళము మాత్రము వీరికి వినికిడి వస్తువే. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము ఈ సీమకు రేవుగా నుండెడిది. 18వ శతాబ్దిలో ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి వశమైన పిమ్మట హైదరాబాదు రాజ్యమునకు కడలి దూరమయ్యెను. చెరువు కట్టమీద నిలిచి నీటిని చూచుటయే గాని, ఆవలి యొడ్డు కానరాని నీటిని చూడనివారు పల్లెలలో నేటికిని కలరు. అయినను 1971 డిసెంబరు నెలలో తెలుగు తీరమున విశాఖపట్టణపు రేవు ముంగిట జరిగిన ఒక సంఘటన దేశచరిత్రకు ఎక్కినది. అందులో పాలుగొన్నది సేవ చాలించి విరామము పొందబోవుచుండిన ఒక ముసలి యోడ. దాని పేరు రాజపుత్. ఆ పేరుతో తరువాత మరియొక యోడ వచ్చి, 41 సంవత్సరములు కొలువు చేసినది. ఆ రెండు నౌకల చరిత్రయు, వాని తోబుట్టువుల చరిత్రయు తెలిసికొనదగినవి.

ఈ జాతి ఓడలను ఇంగ్లీషున డిస్ట్రాయర్లు అందురు. పత్రికలవారు దానిని ‘విధ్వంసక నౌక’ అని తెలుగు చేసిరి. ఆ మాట వినినంతనే ఎదుటబడిన దాని నెల్ల మ్రింగు భూతమొకటి కన్నులకు కట్టును. పుట్టుకలో ఇది అట్టిది కాదు; మందవెంట తిరుగు కావలికుక్క వంటిది. 19వ శతాబ్ది చివరి భాగమున టార్పెడో అను ఆయుధము వ్యాప్తిలోనికి వచ్చెను. నీటిలో తనంతట తాను పరుగిడిపోయి ఓడ ప్రక్కను బ్రద్దలుకొట్టు ప్రేలుడు గొట్టమిది. దీనిని మోసికొనిపోవు చిన్న పడవలు గొప్ప యుద్ధనౌకలకు ప్రాణాంతకము లాయెను. ఆ పడవలను తరిమి కొట్టుటకు వేగము గల ఓడలు కావలసివచ్చెను. 1893లో ఇంగ్లండున నీటిలోనికి దిగిన ‘హావక్’ ఇట్టివానిలో మొదటిదిగా చెప్పబడుచున్నది. ‘టార్పెడో పడవలను నాశనము చేయునది’ అనునది దాని జాతి పూర్తిపేరు. రానురాను కడపటి మాటయే మిగిలినది. జలాంతర్గాములు వచ్చిన పిదప వానిని వెదకి కొట్టు పనియు ఈ ఓడల మీదనే పడినది. కవచము పలుచన, వేగము హెచ్చు, పని నిరంతరము. పెద్ద నౌకలు రేవులో విశ్రమించునప్పుడును ఇవి సముద్రముమీదనే తిరుగుచుండును. కావుననే వీనికి ఆయువు తక్కువ.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండువారు ఇంగ్లీషు ‘ఆర్’ అక్షరముతో మొదలగు పేర్లుగల ఎనిమిది డిస్ట్రాయర్లను కట్టించిరి. రాదర్‌హామ్ వానికి నాయకనౌక. రేస్‌హార్స్, రెయిడర్, ర్యాపిడ్, రిడౌట్, రిలెంట్‌లెస్, రాకెట్, రోబక్ తక్కినవి. రాదర్‌హామ్, రిడౌట్ అనునవి స్కాట్లండులోని క్లైడ్ నదీతీరమున జాన్ బ్రౌన్ వారి కర్మాగారమున తయారైనవి. రెయిడర్ ఇంగ్లండులో బర్కెన్‌హెడ్ అను చోట తయారైనది. ఒక్కొక్కటి సుమారు 358 అడుగుల పొడవు, 1,700 టన్నుల బరువు. నాలుగు ఫిరంగులు, ఎనిమిది టార్పెడో గొట్టములు. నూనె మంటతో కాగిన బాయిలరులలోని ఆవిరి చక్రముల రెక్కలపై వడిగా తగిలి వానిని త్రిప్పును. రైలుబండి ఇంజనులోవలె ముందునకు వెనుకకు ఆడు కడ్డీ ఇందు లేదు. ఆ బలముచేత ఈ ఓడలు గంటకు 36 నాటు వేగమును, అనగా సుమారు 66 కిలోమీటర్ల వేగమును అందుకొన గలిగినవి.

రాదర్‌హామ్ 1942 మార్చి 21వ తేదీన నీటిలోనికి జారవిడువబడెను. అటు తరువాత పదునారు దినములకే, ఏప్రిలు 6వ తేదీన, జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు విడిచెను. ఇల్లు వాకిళ్లు విడిచి జనులు లోపలి పల్లెలకు తరలిపోయిన ఆ దినములను గూర్చి కోస్తావారు చిరకాలము చెప్పుకొనిరి. ఆ నెలలోనే సింహళము చెంత హెర్మిస్ అను విమానవాహక నౌకను, కార్నువాల్, డార్సెట్‌షైర్ అను రెండు క్రూయిజర్లను ఇంగ్లీషువారు పోగొట్టుకొనిరి. బంగాళాఖాతమును కాచువారు కరవైన ఆ గడియలో క్లైడ్ ఒడ్డున మేకులు బిగింపబడుచుండిన ఓడ, ఇరువదితొమ్మిది ఏండ్ల తరువాత ఆ విశాఖ రేవునకే కాపు కాయునని ఎవరును ఊహించి యుండరు.

ఎనిమిది ఓడలును యుద్ధమున చాలభాగము హిందూ మహాసముద్రములోనే గడపెను. వర్తకపు ఓడల గుంపులను కాచుట వీని నిత్యకృత్యము. 1944లో జర్మను జలాంతర్గాములకు నూనె నందించుచుండిన షార్లట్ ష్లీమాన్ అను ఓడను ఫిబ్రవరిలో రిలెంట్‌లెస్ పట్టుకొనగా, బ్రాకె అను దానిని మార్చిలో రోబక్ వెదకి మట్టుపెట్టెను. ఈ రెండు ఓడలును పోయినందున ఆ సముద్రమున జర్మను జలాంతర్గాముల కదలిక తగ్గెను. 1945 సెప్టెంబరులో సింగపూరు నౌకాస్థావరము జపానువారి చేతినుండి మారినపుడు రాదర్‌హామ్ అచ్చట నుండెను. ఎనిమిదింటిలో ఒక్కటియు యుద్ధములో మునుగలేదు. డిస్ట్రాయరు జాతిలో ఇది అరుదైన భాగ్యమే.

శాంతి వచ్చిన పిమ్మట వాని భాగ్యములు వేరువేరాయెను. రేస్‌హార్స్ 1949లో విరుగగొట్టుటకు అమ్ముడుపోయెను. ర్యాపిడ్, రిలెంట్‌లెస్, రాకెట్, రోబక్ అను నాలుగు రూపుమార్చబడి, జలాంతర్గాములను వేటాడు ఫ్రిగేటులై మరికొంతకాలము సేవచేసినవి. వానిలో ర్యాపిడ్ 1981లో గురిపరీక్షకు నిలుపబడి, ఆనిక్స్ అను స్వదేశపు జలాంతర్గామి టార్పెడోతోనే మునిగిపోయెను. మిగిలిన రాదర్‌హామ్, రెయిడర్, రిడౌట్ అను మూడు 1949లో భారతదేశమునకు వచ్చి రాజపుత్, రాణా, రంజిత్ అను పేర్లు ధరించెను.

దేశవిభజనలో నౌకలును పంపకమునకు వచ్చెను. చిన్న తరగతి ఓడలు కొన్ని భారతదేశమునకు దక్కినవిగాని వానిలో డిస్ట్రాయరు ఒక్కటియు లేదు. 1948లో డిల్లీ అను క్రూయిజరు వచ్చెను. మరుసటి యేడు ఈ మూడును వచ్చి దాని వెంట నడచెను. అవి పాత యోడలే. వానిని కట్టించినవారు యుద్ధము ముగియగానే వలదనుకొన్నవే. అయినను ఒక తరము నావికులు సముద్రయుద్ధపు ఓనమాలు దిద్దుకొన్నది ఈ ఓడల మీదనే. బాయిలరు కాచుట, ధ్వనితరంగములచే నీటి అడుగున పొంచియున్న శత్రువును పసిగట్టుట, రాత్రివేళ దీపములార్పి గుంపుగా సాగుట మొదలగునవి పుస్తకము చదివి వచ్చు విద్యలు కావు. 1950 జనవరి 26వ తేదీన గణతంత్రము వెలసినప్పుడు బ్రిటిషు రాజచిహ్నము తొలగి, ఇవి పూర్తిగా భారత నౌకలైనవి. 1953లో ఇంగ్లండు రాణి పట్టాభిషేక సందర్భమున జరిగిన నౌకా ప్రదర్శనలో రంజిత్ స్వదేశ పతాకముతో తన పుట్టినసీమ నీటిలో నిలిచెను.

ఇక 1971. విశాఖపట్టణమున తూర్పు నౌకాదళము ఏర్పడి అప్పటికి మూడేండ్లు దాటినది. వైస్ అడ్మిరల్ కృష్ణన్ దానికి అధిపతి. విక్రాంత్ అను విమానవాహక నౌక తూర్పు సముద్రములో నుండెను. దానిని ముంచగలిగినచో తూర్పు బెంగాలు తీరమును దిగ్బంధించుట భారతమునకు సాధ్యము కాదని పాకిస్తాను తలంచెను. అందుకై ఘాజీ అను జలాంతర్గామిని నవంబరు 14వ తేదీన కరాచీనుండి పంపెను. ఇదియు పాత యోడయే, అమెరికావారి డయాబ్లో. 1963లో పాకిస్తాను చేతికి వచ్చెను. అంతదూరము పోయి పనిచేసి రాగల జలాంతర్గామి పాకిస్తానుకు వేరొకటి లేకుండెను.

కృష్ణన్ పన్నిన ఉపాయము కథవలె నుండును. విక్రాంత్‌ను అండమాను దీవుల మరుగున దాచి, అది విశాఖలోనే యున్నదని శత్రువునకు తోచునట్లు చేయవలెను. ఆ వేషము వేయుటకు ముసలి రాజపుత్ ఎన్నుకొనబడెను. అప్పటికి దానిని కొలువునుండి తొలగించుటకు ఏర్పాట్లు జరుగుచుండెను. అది తీరమునకు సుమారు 160 మైళ్ల దూరము పోయి, పెద్దనౌక పంపునట్టి వార్తల నెడతెగక వైర్‌లెస్సులో పంపెను. విశాఖ బజారులో పెద్ద పటాలము దిగినట్లుగా బియ్యము, మాంసము, కూరగాయలు కొనుటకు గుత్తదారులకు ఆర్డర్లు పోయెను. విక్రాంత్‌మీది నావికుడొకడు జబ్బుగానున్న తన తల్లి క్షేమమును అడుగుచున్నట్లు ఒక వార్తను రహస్యలిపి లేకుండ బాహాటముగా పంపిరి. గూఢచారులు వినవలెనని పంపిన వార్త అది. తల్లి జబ్బు అను మాటయందు ఎవరికిని అనుమానము కలుగదని ఆలోచించిన మెదడును మెచ్చుకొనక తప్పదు.

డిసెంబరు 3వ తేదీ సాయంకాలము పడమటి సరిహద్దున యుద్ధము ఆరంభమాయెను. ఆ రాత్రి రాజపుత్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వమున విశాఖ రేవునుండి బయలుదేరెను. దారిచూపు దీపము లన్నియు ఆర్పబడియుండెను. రేవు నోరు దాటిన కొంతసేపటికి నీటిలో అసహజమైన కలత కనబడగా, కావలిలోని నావికుడు హెచ్చరించెను. ఓడ వేగము పెంచి ఆ దిక్కునకు మళ్లి రెండు డెప్త్‌చార్జీలను జారవిడిచెను. ఇవి ప్రేలుడుమందు నింపిన ఉక్కు పీపాలు. నిర్ణయించిన లోతునకు దిగగానే నీటి ఒత్తిడిచే ప్రేలును. అర్ధరాత్రి సమయమున గొప్ప ప్రేలుడొకటి వినబడెను. పట్టణమున కిటికీ తలుపులు గడగడలాడెను. రాజపుత్ నిలువక తన దారిని సముద్రములోనికి పోయెను. తరువాత జాలరులకు నీటిపై తేలుచున్న వస్తువులు దొరకెను. గజ ఈతగాండ్రు దిగి చూడగా అడుగున ఘాజీ పడియుండెను. అందున్న 90 మందికి పైగా నావికులలో ఒక్కడును బ్రతుకలేదు.

ఘాజీని రాజపుత్ ముంచెనా, లేక ఘాజీ తానే మునిగెనా అను ప్రశ్న నేటికిని తెగలేదు. తన ఓడయే ముంచెనని కృష్ణన్ చెప్పెను. ఘాజీ తాను పరచుచుండిన మందుపాతరల చేతనో, లోపలి ప్రేలుడు చేతనో నశించెనని పాకిస్తానువారి వాదము. తూర్పు సైనిక కార్యాలయమున ఉన్నతాధికారిగా నుండిన జనరల్ జాకబ్ యుద్ధారంభమునకు ముందే జాలరులకు శకలములు దొరకినట్లు తనకు వార్త వచ్చెనని వ్రాసెను. ఈ మాట నిజమైనచో రాజపుత్ విడిచిన పీపాలు అంతకుముందే మునిగినదాని మీద పడినవి కావలెను. స్వదేశాభిమానము ఒక వైపు లాగును, సత్యము మరియొక వైపు లాగును. గ్రంథాలయమునకు వచ్చి చదువువారు రెండవదానినే పట్టుకొనవలెను. వివాదమునకు అందని సంగతి యొకటి కలదు. ఘాజీ విశాఖ ముంగిటికి వచ్చినది అక్కడ లేని విక్రాంత్ కొరకు. దానిని అక్కడికి రప్పించినది విక్రాంత్ వేషము వేసిన ముసలి యోడ. ఆ రాత్రి పీపాలు తగిలినను తగులకున్నను ఈ ఖ్యాతి రాజపుత్‌కు చెందును. ఘాజీ పీడ విరగడైన తరువాత విక్రాంత్ విమానములు చిట్టగాంగు, కాక్స్‌బజారు రేవులపై నిర్భయముగా దాడిచేసెను.

యుద్ధము ముగిసిన పిమ్మట ముసలి యోడకు ఎంతోకాలము కొలువు లేదు. 1976లో రాజపుత్ కథ ముగిసెను. రాణా, రంజిత్ సైతము ఆ దశాబ్దిలోనే విరుగగొట్టబడినవి. యుద్ధనౌక చావునకు శ్మశానము లేదు. ఉక్కురేకులు ముక్కలై తూకము లెక్కన అమ్ముడుపోవును. ఇత్తడియు రాగియు వేరుచేయబడును. ఏ గుమ్మపు కడ్డీలోనో, ఏ నాగలి కర్రులోనో ఆ యినుము నేడు దాగియున్నదేమో ఎవరు చూడవచ్చిరి?

పేరు మాత్రము అమ్ముడుపోలేదు. గతించిన ఓడ పేరును క్రొత్త ఓడకు పెట్టుట నావికుల ఆచారము. తాత పేరు మనుమనికి పెట్టు మన యిండ్ల ఆచారమువంటిదే. పాత యోడ అంతరించుచుండిన ఆ సంవత్సరమే, 1976 సెప్టెంబరులో, సోవియట్ యుక్రెయినులోని నికొలాయెవ్ పట్టణమున క్రొత్త రాజపుత్‌కు అడుగు దూలము పడెను. ఇది 1980 మే 4వ తేదీన జార్జియాలోని పోటి రేవులో భారత నౌకాదళమున చేరెను. రాణా 1982లో, రంజిత్ 1983లో వచ్చెను. పిమ్మట రణవీర్, రణవిజయ్ అను రెండును చేరి ఐదైనవి. ఇవి సుమారు 480 అడుగుల పొడవు, దాదాపు 5,000 టన్నుల బరువు గలవి. బాయిలరులు లేవు, విమానపు ఇంజను జాతికి చెందిన గ్యాసు టర్బైనులు వీనిని నడుపును. ఆవిరి కాగువరకు వేచియుండ నక్కరలేక కొద్ది నిమిషములలో కదలగలవు. ఫిరంగులతోపాటు క్షిపణులును, పైకప్పున హెలికాప్టరును వచ్చినవి.

క్రొత్త రాజపుత్‌కు మొదటి నాయకుడు కెప్టెన్ గులాబ్ హీరానందాని. ఈయనయే తరువాత వైస్ అడ్మిరలై, విరమించిన పిదప భారత నౌకాదళ చరిత్రను సంపుటములుగా వ్రాసెను. అందు 1965 మొదలు 1975 వరకు గల కాలమునకు చెందిన సంపుటమున ఘాజీ వృత్తాంతమును గూర్చిన వాదములు చోటుచేసికొన్నవి. పాత రాజపుత్ చేసినపనిని క్రొత్త రాజపుత్ నాయకుడు విచారించి వ్రాయుట విచిత్రమైన కలయిక. తన ఓడ పేరు పెరుగవలెనని ఆయన ఒక పక్షమునే పట్టుకొని యుండవచ్చును; అట్లు చేయలేదు.

ఈ ఐదు నౌకలకు విశాఖపట్టణముతో సుదీర్ఘ సంబంధము కలదు. సింహళమునకు శాంతిసేన పోయిన కాలమునను, 1988లో మాల్దీవుల ప్రభుత్వమును కూలద్రోయ జూచిన దుండగులను అణచినపుడును రాజపుత్ సేవచేసెను. హైదరాబాదువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలసిన సంగతియు నొకటి కలదు. బ్రహ్మోస్ క్షిపణిని ఓడమీదనుండి తొలిసారి పరీక్షించినది 2003లో రాజపుత్ మీదనుండియే. 2005లో ఆ క్షిపణిని ధరించిన మొదటి నౌకయు అదియే. ఆ క్షిపణి భాగములను కూర్చు కర్మాగారము హైదరాబాదు నగరమున నున్నది. కావున సముద్రము చూడని చేతులకును ఈ ఓడతో కొంత బంధుత్వము కలదు.

ఐదింటిలో మొదట కొలువు విడిచినది రంజిత్. 2019 మే 6వ తేదీన విశాఖలో దానికి వీడ్కోలు జరిగెను. ఒకప్పుడు ఆ ఓడకు నాయకుడై, తరువాత నౌకాదళాధిపతియైన అడ్మిరల్ దేవేంద్రకుమార్ జోషి దానికి ముఖ్య అతిథి. ముప్పదియారేండ్లలో అది తిరిగిన దూరము 7,43,000 నాటికల్ మైళ్లు. భూమిని ముప్పది నాలుగుసార్లు చుట్టివచ్చినంత. రాజపుత్ వంతు 2021 మే 21వ తేదీన వచ్చెను. కోవిడు మహమ్మారి విజృంభించిన దినములవి. నలువది యొక్క సంవత్సరముల సేవకు తగిన ఉత్సవము సాధ్యపడలేదు. విశాఖ నౌకాస్థావరమునందున్న కొలదిమంది అధికారులు, నావికుల సమక్షమున సూర్యాస్తమయ వేళ పతాకము దిగెను.

తక్కినవి ఇంకను కొలువులో నిలిచియుండగనే కొన్ని ఆపదలు పొందెను. 2021 అక్టోబరులో విశాఖలో రణవిజయ్ మీద నిప్పంటుకొని నలుగురు నావికులు గాయపడిరి. 2022 జనవరి 18వ తేదీన ముంబయి రేవులో రణవీర్ లోపలి గదిలో ప్రేలుడు జరిగి ముగ్గురు నావికులు మరణించిరి. యుద్ధము లేని దినమున, రేవులో కట్టియున్న ఓడలో, శత్రువు లేకయే పోయిన ప్రాణములవి. వీరుల పేర్లు చెక్కిన రాళ్లమీద ఇట్టివారికి చోటు దొరకుట అరుదు.

విశాఖ సముద్రతీరమున 1971 విజయమునకు గుర్తుగా 1996లో ఒక స్మారకము నిర్మింపబడెను. దాని సమీపమున 2002నుండి కుర్సురా అను భారత జలాంతర్గామి ఇసుకమీద నిలిచి ప్రదర్శనశాలయై యున్నది. కౌకూరునుండి విశాఖ పోయినవారు ఆ యినుప గర్భములో దూరి, తల వంచి నడచి, మనుష్యులు అట్టి ఇరుకున ఎట్లు దినములు గడపిరో తెలిసికొనవచ్చును. ఘాజీ లోపలి నావికులును అట్టి చోటనే ఆ రాత్రి ఉండిరి. భారత నౌకాదళమువారి లోతు నీటి రక్షక వాహనము ఘాజీ శకలమును విశాఖ తీరమునకు కొద్దిదూరములోనే గుర్తించినట్లు 2024లో వెల్లడియాయెను. అందు మరణించినవారి యెడల గౌరవముచేత నౌకాదళము దానిని తాకలేదు. దానిమీద పీపాలు విడిచిన రాజపుత్ తునుకలై ఎక్కడెక్కడనో కరగిపోయినది; ఘాజీ మాత్రము ఆ రాత్రి పడిన చోటనే ఇసుకలో నున్నది.